బేబమ్మ పేర్చిన పళ్ళెం

జనవరి ఒకటో తారీఖు పొద్దున బేబమ్మ చేసిన పని చూడ్డానికి చాలా చిన్నది. గుడి వెనక సామాన్ల గదిలోకి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుని, రబ్బరుబ్యాండు వేసిన కార్డుల కట్ట ఒకటి తీసి బొడ్లో దోపుకుంది. అంతే. గుడిలో కొవ్వొత్తి ముక్క మిగిలినా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. ఆ కాస్త కట్ట దోపుకున్నాక చాపల దొంతర మీద కూలబడి, "ఇటు చూడకు తండ్రీ" అని మాత్రం అనుకుంది. చూడకుండా ఉండేవాడు కాదని ఆమెకి తెలుసు. అన్నీ ముందే చూసేసినవాడని ఈ రెండేళ్ళుగా ప్రతి ఆదివారం వింటూనే ఉంది.

ఆ కట్ట సంగతి తెలియాలంటే ముందు పళ్ళెం సంగతి చెప్పాలి.

నరసాపురానికి ఇవతల, కాలవ గట్టు మీద ఉన్న ఆ పేటలో లూథరన్ గుడే పెద్ద కట్టడం. కొత్త సంవత్సరం మొదటి రోజు ఆరాధన అయ్యాక అక్కడ ఇత్తడి పళ్ళెం ఒకటి వరసల మధ్య తిరుగుతుంది. పళ్ళెం నిండా బోర్లించిన కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తీస్తారు, పిల్లలు ఎగబడి తీస్తారు. ఎవరి చేతికి ఏది వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన వాగ్దానం. నచ్చలేదని వెనక్కి పెట్టకూడదు. పక్కవాళ్ళతో మార్చుకోకూడదు. మంచాన ఉన్నవాళ్ళకి పళ్ళెం ఇంటికే వెళుతుంది. ఆ కార్డు బీరువా తలుపుకో, ఆటో అద్దానికో, బడికెళ్ళే పిల్ల పెన్సిలు డబ్బాలోనో ఏడాదంతా ఉంటుంది. ఉద్యోగం వచ్చినా, గేదె చచ్చిపోయినా, ముందు ఆ కార్డే తీసి చూసుకుంటారు.

ఆ పళ్ళెం పేర్చే పని బేబమ్మది. అంతకుముందు ఆమె అత్తగారు జ్ఞానమ్మది. ముసలావిడ నేర్పిన పద్ధతి గట్టిది. తలస్నానం చేసి రావాలి, ఏమీ తినకూడదు, మాట చదవకూడదు, బాగా కలిపేసి బోర్లించి పేర్చాలి. మనం పేర్చేవాళ్ళమే, ఇచ్చేది ఆయన, అనేది. అత్త పోయాక ఇన్నేళ్ళలో బేబమ్మ ఒక్క కార్డునీ తిప్పి చూసి ఎరగదు.

ఆమె పుట్టింది పాలకొల్లు పక్క ఓ పల్లెలో. బేబి అని పేరు పెడితే ఇక్కడికి కాపురానికి వచ్చాక బేబమ్మ అయింది. భర్త చిట్టియ్య రేవులో పంటు మీద పనిచేసేవాడు. ఇటు మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ గోదావరి అటు దింపే పంటు అది. ఓ వానరోజు దాని మీదే గుండె పట్టుకుని కూర్చున్నవాడు అవతలి ఒడ్డు చేరేసరికి లేడు. కొడుకు సాల్మన్ అప్పటికి పలక మీద అక్షరాలు దిద్దుతున్నాడు. అప్పట్నుంచి లేసు సూదే ఆ ఇంటిని నడిపింది. ఆమె వేళ్ళకి ఆ పని ఎంతగా పట్టేసిందంటే, గుడిలో ప్రసంగం వింటున్నప్పుడు కూడా ఒళ్ళో దారం లేకుండానే వేళ్ళు ముళ్ళు వేసుకుంటూ ఉంటాయి.

సాల్మన్‌ది మంచి గొంతు. క్రిస్మస్ పాటలకి పేట మొత్తం వాడి గొంతు వెనకాలే నడిచేది. ఆ గొంతు పెద్దయ్యాక రొయ్యల వ్యాను తోలింది. ఐసు పెట్టెలు దింపి తిరిగొచ్చేటప్పుడు యానాం మీదుగా రావడం మొదలైంది. అక్కడ మందు చవక. మొదట్లో స్నేహితులతో, తర్వాత స్నేహితులు లేకపోయినా. రాజోలు పక్క నుంచి లక్ష్మీదుర్గ అనే హిందువుల పిల్లని ప్రేమించి తెచ్చుకున్నాక ఏడాది మానేశాడు. మళ్ళీ పట్టుకున్నాడు. దుర్గ బాప్తిస్మం తీసుకుంది, ఆదివారం అత్తగారి పక్కన కూర్చునేది. మొగుడు మాత్రం వ్యాను వంక పెట్టి గుడికి రావడం తగ్గించేశాడు. ఏడాదికోసారి, పళ్ళెం రోజున మాత్రం తప్పేవాడు కాదు.

రెండేళ్ళ కిందట కొత్త పాస్టరుగారు వచ్చారు, ప్రేమ్ కుమార్ గారు. వయసులో చిన్నవాడు, బాగా చదువుకున్నవాడు, మాట సూటి. ఆయన ఎప్పుడూ దేవుడి ఏర్పాటు గురించి చెప్పేవారు. లోకానికి పునాది పడకముందే రక్షణ పొందేవాళ్ళెవరో దేవుడు ఎరుగును, తనవాళ్ళని ఆయనే ఎంచుకున్నాడు, మన ఏడుపులూ మన మంచితనమూ చూసి కాదు, తన ఇష్టాన్ని బట్టి. కడుపులో కవలలు ఇంకా మంచీ చెడ్డా చెయ్యకముందే ఒకడు కావాలన్నాడు, ఒకడు వద్దన్నాడు కదా, అనేవారు. పేటలో ముసలాళ్ళకి అది కొత్తగానూ లేదు, పూర్తిగా అర్థమూ కాలేదు. బాగా చెబుతున్నాడు కుర్రాడు, అనుకున్నారు.

ఆయన తెచ్చిన రెండో మార్పు కార్డులది. రాజమండ్రి నుంచి వచ్చే కార్డుల్లో అన్నీ తీపి మాటలేనని ఆయనకి నచ్చలేదు. వాక్యంలో హెచ్చరికలు కూడా ఉన్నాయి, ఏరుకుని తింటే ఎలా, అని సొంతంగా అచ్చు వేయించారు. ఒక్కో వాక్యం ఒక్కో కట్టగా వచ్చేది. కట్టలన్నీ విప్పి కలిపి పేర్చడం బేబమ్మ పని. ఆ మొదటి ఏడాది సాల్మన్ చేతికొచ్చిన కార్డు, కాయలు కాయని చెట్టుని నరికి నిప్పుల్లో పడేసే మాట.

వాడు నవ్వేశాడు. వ్యాను అద్దానికి దండతోపాటు దాన్నీ తగిలించి, నా మీద అరెస్టు వారెంటు ఉంది, త్వరగా పోనివ్వాలి, అని దారిలో స్నేహితులకి చూపించేవాడు. వానలు మొదలయ్యేసరికి కళ్ళు పచ్చబడ్డాయి. తర్వాత పొట్టలో నీరు చేరింది. ఆస్పత్రిలో రెండుసార్లు నీరు తీసి, లివరు ఇంక పనిచెయ్యదు, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి, అన్నారు. ఆ మాటకి అర్థం దుర్గకి ఆటోలో తెలిసింది. బేబమ్మకి ఇంటికొచ్చి మంచం వేశాక తెలిసింది.

మంచం కిటికీ పక్కన వేశారు గాలి కోసం. ఆ కిటికీలోంచి గాలితోపాటు గుడి మైకు కూడా వచ్చేది. ప్రతి ఆదివారం ప్రేమ్ కుమార్ గారి ప్రసంగం మొత్తం సాల్మన్ మంచం మీదికే వచ్చి పడేది. నవ్వుతూ తీసుకున్న కార్డు వాడి లోపల ముల్లులా దిగబడిపోయింది. తల్లి పక్కన మోకాళ్ళూని ప్రార్థన చెయ్యబోతే గోడ వైపు తిరిగిపోయేవాడు.

"ఎందుకమ్మా ఆయన్ని విసిగిస్తావు. నేను పుట్టకముందే అయిపోయిందంట కదా నా సంగతి."

అలా అనకురా, పశ్చాత్తాపపడితే చాలు, చేర్చుకుంటాడు, అని బేబమ్మ బతిమాలేది.

"అది కూడా ఆయనిస్తేనే వస్తుందంట. విన్లేదా పోయినవారం? నాకు రావట్లేదు. ఎంత పిండుకున్నా రావట్లేదు. భయమొస్తుంది గానీ అది రావట్లేదు."

కొడుకు చచ్చిపోతాడన్నది ఒక బాధ. దాన్ని ఆమె ఎలాగో మోస్తోంది. చచ్చిపోయాక ఎక్కడుంటాడన్నది ఇంకో బాధ. రాత్రీ పగలూ అది ఆమెని నిలవనివ్వలేదు. చిట్టియ్య గుడికి తప్పకుండా వెళ్ళినవాడు, దేవుడి దగ్గరున్నాడు. తనూ ఏదో ఒకరోజు వెళుతుంది. కొడుకేడీ అని చిట్టియ్య అడిగితే ఏమని చెబుతుంది?

డిసెంబరు చివర్లో సాల్మన్ తనే ఆమెని పిలిచాడు. ఈసారి పళ్ళెం నా దగ్గరికి తీసుకురా, నా తరఫున నువ్వు తియ్యొద్దు, నా చేత్తో నేనే తీస్తాను, అన్నాడు.

"మంచి మాటొస్తే అయ్యగార్ని పిలు. సంస్కారం రొట్టె తీసుకుంటాను. పోయినేడాది లాంటిదే వస్తే మట్టుకు ఇంక నా దగ్గర ప్రార్థన మాటెత్తకు. ఇద్దరికీ పీడ విరగడవుద్ది."

సరేనంది. ఒకటో తారీఖు పొద్దున సామాన్ల గదిలో కట్టలు విప్పబోతూ, జీవితంలో మొదటిసారి కార్డులు తిప్పి చదివింది. నిప్పుల మాట ఈసారి కూడా ఉంది. మిమ్మల్ని ఎరగనని దేవుడు తలుపు వేసుకునే మాట ఉంది. వాటి మధ్యలో, దేవుడు ఒకణ్ణి పేరుపెట్టి పిలిచి నువ్వు నావాడివి అనే మాట ఉన్న కట్ట ఉంది. ఆ కట్టే బొడ్లోకి వెళ్ళింది.

ఆరాధనలో పళ్ళెం తిరిగింది. జనం తమకొచ్చినవి పైకి చదువుకున్నారు. అంతా అయ్యాక ఆమె పళ్ళెం పట్టుకుని సామాన్ల గదిలోకి వెళ్ళి, మిగిలినవన్నీ సంచిలో పోసేసి, బొడ్లో కట్ట విప్పి పేర్చింది. ఎటు తీసినా అదే మాట. పైన తెల్లటి లేసు గుడ్డ కప్పి ఇంటికి పట్టుకెళ్ళింది.

దుర్గ మొగుణ్ణి దిండ్లకి ఆనించి కూర్చోబెట్టింది. సాల్మన్ చెయ్యి పుల్లలా ఉంది. ఆ చెయ్యి పళ్ళెం మీద చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. ఇది కాదు, ఇది కాదు, అన్నట్టు తడిమి, ఒక అంచు నుంచి ఒకటి లాగాడు. చదువుకున్నాడు. బేబమ్మ గోడకి ఆనుకుంది.

"దుర్గా, నువ్వు కూడా తియ్యి" అన్నాడు వాడు.

ఇది బేబమ్మ అనుకోలేదు. పళ్ళెం వెనక్కి లాక్కునేలోపే కోడలు ఒకటి తీసేసింది. దుర్గ కళ్ళు కార్డు మీద ఆగాయి. తర్వాత మొగుడి ఒళ్ళో ఉన్న కార్డు మీద. తర్వాత అత్తగారి మొహం మీద. ఒక్క క్షణం. ఆ తర్వాత తల కాస్త పైకెత్తి, కొండల వైపు చూస్తే సహాయం వస్తుందన్న మాటేదో తడుముకుంటూ చదివి, కార్డు జాకెట్లో పెట్టేసుకుంది.

"కోనసీమ పిల్లకి కొండలొచ్చాయేంటి" అన్నాడు సాల్మన్. చిన్నగా నవ్వాడు. నవ్వుతూనే దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కింద భుజాలు అదురుతున్నాయి. కొడుకు ఏడవడం బేబమ్మ ఎన్నేళ్ళ తర్వాతో చూసింది. రానిది వచ్చిందనుకుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో గాలి మారింది. సాల్మన్ కార్డుని మంచం కోడుకి అంటించమన్నాడు. పొద్దున లేవగానే పాత క్రిస్మస్ పాట ఏదో గొణిగేవాడు, గొంతు సగంలో తెగిపోయేది, మళ్ళీ అందుకునేవాడు. గంజి రెండు గరిటెలు తాగేవాడు. పలకరించడానికొచ్చిన ఆడవాళ్ళు ఆ కార్డు చదివి, దేవుడు పేరుపెట్టి పిలిచాడమ్మా మీవాణ్ణి, అని బేబమ్మ చేతులు పట్టుకునేవారు. ఆమె అన్నం ముందు కూర్చోగలిగింది.

కానీ ప్రార్థనకి మోకాళ్ళ మీద కూర్చోలేకపోయింది. కళ్ళు మూసుకుంటే పళ్ళెం కనిపించేది. పిలిచింది దేవుడు కాదు, తను. ఆయన గొంతు తను పెట్టి పిలిచింది. దొంగ సంతకం పెట్టి ఇచ్చిన కాగితం పట్టుకుని రేపు వాడు ఆ గుమ్మం దగ్గర నిలబడతాడు. ఇది నాది కాదే, అని ఆయనంటే? వాణ్ణి అక్కడిదాకా నడిపించి తోసేసింది తనే అవుతుంది. పోనీ నిజం చెప్పేస్తే? పాట ఆగిపోతుంది. గోడ వైపు తిరిగిపోతాడు. అలాగే పోతాడు. అదీ తనవల్లే. ఎటు చూసినా కొడుకు నరకంలో ఉన్నాడు, ఎటు చూసినా తోసింది తన చెయ్యే. లేసు అల్లుతూ అల్లుతూ ఒకరోజు సూది వేలికి గుచ్చుకుంటే, తెల్లదారం ఎర్రబడేదాకా ఆమెకి తెలియలేదు.

సాల్మన్ పొట్ట మళ్ళీ బిగిసింది. మాట మధ్యలో నిద్రలోకి జారిపోతున్నాడు. ఇంక ఆగడానికి లేదని ఆమె పాస్టరుగారి ఇంటికి వెళ్ళింది.

ప్రేమ్ కుమార్ గారు వరండాలో యాంప్లిఫయరు ముందేసుకుని వైరు అతికిస్తున్నారు. ఆమె వందనాలు కూడా చెప్పకుండా జరిగిందంతా చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. ఆ కట్ట నేను ప్రత్యేకంగా వేయించానండి, ఆ రోజు ఒక్కరికీ రాలేదేంటా అనుకున్నాను, అన్నారు మెల్లగా.

"నేను ఆ కట్ట తీస్తానని ఆయనకి ముందే తెలుసాండి?"

"తెలుసండి."

"నేను పుట్టకముందే?"

"అవునండి."

"మరి ఆపలేదేంటండి? ఆపలేదంటే ఆయనే తీయించినట్టా? లేకపోతే వాడితోపాటు నన్ను కూడా వదిలేసినట్టా?"

పాస్టరుగారు వైరు కింద పెట్టారు. చదువుకున్నవన్నీ ఆయనకి గుర్తొచ్చే ఉంటాయి. ముందే తెలియడం వేరు, చేయించడం వేరు, అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశారు. చివరికి తనకి ఖాయంగా తెలిసినదొక్కటే చెప్పారు.

"సాల్మన్ పట్టుకున్నది దేవుణ్ణి కాదండి, మీ చేతిని. ఆ చెయ్యి అక్కడిదాకా రాదు. చెప్పెయ్యండమ్మా. ఆదివారం ఆరాధన అవగానే సంస్కారం తీసుకుని వస్తాను. ఈలోపే చెప్పెయ్యండి."

ఇంటికొస్తే దుర్గ నీళ్ళ కుండీ దగ్గర గిన్నెలు తోముతోంది. ఎక్కడికెళ్ళొచ్చారని అడగలేదు. బేబమ్మే చెప్పింది. దుర్గ చేతిలో పీచు ఆగింది.

"చెప్పకండి అత్తయ్యా. ఉన్న నాలుగు రోజులు పాడుకోనివ్వండి."

తర్వాతేమవుతుందే వాడికి, అని బేబమ్మ అంటే, దుర్గ గిన్నె బోర్లించి కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా అమ్మావాళ్ళింట్లో అంతా తలరాత అనేవారు. అది పడలేకే కదా నేనిటొచ్చింది. ఇక్కడ మీ దేవుడు కూడా ముందే రాసేశాడంటున్నారు. నుదురు మార్చుకుని నాకొరిగిందేంటి?" అంది. ఇంకో గిన్నె అందుకుని, "రాసినాయన చదూకుంటాడులెండి. మనకెందుకు" అంది.

దానిలో కోపం లేదు. అలిసిపోవడం ఉంది. కానీ బేబమ్మకి ఆ మాట పట్టుకొమ్మలా కూడా అందలేదు. ఆమె చిన్నప్పట్నుంచీ నమ్మినదాంట్లో మనకెందుకు అనడానికి చోటు లేదు. గురువారం చెబుదామనుకుంది, ఆ రోజు వాడికి జ్వరం. శుక్రవారం పాడుతున్నాడు. శనివారం పొద్దుటి నుంచి కళ్ళు తెరవలేదు, ఆమె పక్కన కూర్చుని, చెప్పకుండానే పోతాడేమో అని ఒకసారి, చెప్పకుండానే పోతే బాగుండునేమో అని ఒకసారి అనుకుంది. అలా అనుకున్నందుకు తన చెంప తనే కొట్టుకుంది.

ఆదివారం తెలివొచ్చింది. కిటికీలోంచి గుడి గంట వినిపించింది, తర్వాత మొదటి కీర్తన. దుర్గ గుడికి వెళ్ళలేదు, వంటింట్లో ఉంది. బేబమ్మ స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని, కోడుకి అంటించిన కార్డు వైపు చూడకుండా, చెప్పేసింది. కట్ట ఒకటే అని, పళ్ళెం అంతా ఒకటే మాట అని. తలెత్తకుండా తన వేళ్ళకే చెప్పింది.

కిటికీలోంచి ప్రసంగం మొదలైంది.

"నాకు తెలుసమ్మా" అన్నాడు సాల్మన్.

ఆమె తలెత్తింది.

"దుర్గకి కొండల వాక్యం ఎక్కడొచ్చు? అది చదివింది నా నెత్తి మీదున్న క్యాలెండరు. ఆ మేకు కొట్టింది నేనే కదా."

బేబమ్మ మంచం పైన గోడకి చూసింది. రొయ్యల కంపెనీవాళ్ళు ఇచ్చిన పాత క్యాలెండరు, డిసెంబరు దగ్గరే ఆగిపోయి ఉంది. పైన పెద్దక్షరాలతో కొండల మాట.

"మరి ఏడ్చావు కదరా ఆ రోజు."

"సంతోషానికనుకున్నావా?"

మరి ఆ పాటలు, అంది బేబమ్మ.

"నేను పాడితే నువ్వన్నం తింటున్నావు" అన్నాడు వాడు. మాట మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "పోయేదాకా పాడదామనుకున్నాను. చెప్పేశావు. ఇంక పాడక్కర్లేదులే. ఆయాసంగా ఉంది."

బేబమ్మ నేల మీదికి జారిపోయింది. ఇన్ని రోజులూ ఆమె దగ్గర దొంగదైనా ఒక ఆధారం ఉంది. వాడు ఏదో ఒకటి నమ్మి పోతున్నాడని. అదీ లేదు. కొడుకు కోసం ఆమె దేవుడి గొంతు దొంగిలించింది, ఆమె కోసం కొడుకు నమ్మకం నటించాడు. ఇద్దరి మధ్యలో ఆయన ఎక్కడా లేడు. మంచం పట్టె మీద తల ఆనించి, నాకింకేం చెయ్యాలో తెలీదురా, నా దగ్గర ఇంకేం లేదు, అంది. సాల్మన్ చెయ్యి ఆమె తల మీద పడింది. నిమరడానికి సత్తువ లేదు, ఊరికే పడి ఉంది. బయట ప్రసంగం అయిపోయింది. ఏం చెప్పారో ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ప్రేమ్ కుమార్ గారు తెల్లంగీ విప్పకుండానే వచ్చారు. చేతిలో చిన్న పెట్టె, అందులో రొట్టె, ద్రాక్షరసం. గుమ్మంలో నిలబడి బేబమ్మ వైపు చూశారు. ఆమె తలూపింది. దుర్గ స్టూలు తుడిచి తెల్లగుడ్డ పరిచింది. ఆయన పెట్టె తెరవబోతుంటే సాల్మన్ అడిగాడు.

"అయ్యగారూ, ఒకటి అడుగుతానండి. ఆయన ఎంచుకోనివాడు చెయ్యి చాపితే, పెట్టొద్దని ఎక్కడైనా ఉందాండి?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. గుడిలో అయితే ఈ ప్రశ్నకి ముప్పావుగంట చెప్పేవారు.

"నాకు తెలిసి లేదండి."

"అలాగైతే పెట్టండి."

"నమ్ముతున్నారా, సాల్మన్ గారూ?" అది అడగాల్సిన ప్రశ్న. అడక్కుండా ఇవ్వకూడదు. కానీ ఆయన గొంతు మైకులో వినిపించే గొంతులా లేదు.

"నమ్మాలని ఉందండి" అన్నాడు సాల్మన్. "అంతవరకే ఉంది. అది చాలకపోతే తీసుకెళ్ళిపోండి, ఏమనుకోను."

పాస్టరుగారు చాలునని చెప్పలేదు, చాలదని చెప్పలేదు. కిటికీ బయట ఎవరో కుర్చీలు మడుస్తున్న చప్పుడు. ఆయన రొట్టె విరిచి, చెప్పాల్సిన మాటలు చెప్పి, చిన్న ముక్క వాడి నాలుక మీద పెట్టారు.

వాడు మింగలేకపోయాడు. గొంతుకి అడ్డం పడి దగ్గొచ్చింది. ఆ దగ్గుకి ఒళ్ళంతా ఎగిరిపడింది, ముక్క బయటికొచ్చి దుప్పటి మీద పడింది. దుర్గ వీపు నిమిరింది. సాల్మన్ కళ్ళు ఆ ముక్క మీద ఉన్నాయి. ఆ చూపు బేబమ్మకి తెలుసు. పోయినేడాది కార్డు తర్వాత, కళ్ళు పచ్చబడ్డ రోజు అద్దంలో చూసుకున్నప్పుడు ఇదే చూపు.

పాస్టరుగారు గుడ్డతో ముక్కని తీసుకోబోయారు, అది అలా పడి ఉండకూడదు కాబట్టి. ఆయన చెయ్యి వెళ్ళేలోపే బేబమ్మ చెయ్యి వెళ్ళింది. ముక్క తీసింది. ద్రాక్షరసం గిన్నె ఆయన ఎడమచేతిలో ఉంటే అడక్కుండా అందులో ముంచింది, మెత్తబడేదాకా రెండు వేళ్ళతో పట్టుకుంది. అది ఆమె చెయ్యాల్సిన పని కాదు. ఆ పేటలో ఏ ఆడదీ ఆ గిన్నెలో వేలు పెట్టి ఎరగదు. ఆయన అమ్మా అన్నారు గానీ గిన్నె వెనక్కి తీసుకోలేదు.

"నోరు తెరు నాన్నా" అంది.

తెరిచాడు. పెట్టింది. గడ్డం కింద అరచెయ్యి వేసి నోరు మూసి పట్టుకుంది, పసివాడికి మందు పోసి పట్టుకున్నట్టు. రసం పెదాల చివర నుంచి కారి ఆమె మణికట్టు మీదుగా దిగింది. "మింగు" అంది. "మింగరా అయ్యా. మింగు." వాడి కళ్ళు ఆమె కళ్ళలోనే ఉన్నాయి.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. దుర్గ కళ్ళు మూసుకుంది. బేబమ్మ మూసుకోలేదు. గొంతు కదులుతుందేమోనని ఆమె కొడుకు వైపే చూస్తోంది. ప్రార్థన అయ్యింది, ఆమెన్ అన్నారు, పెట్టె మూత పడింది. ఆమె అరచెయ్యి ఇంకా అక్కడే ఉంది.